పాలమూరులో చిన్నపిల్లలకు శని, ఆదివారాల్లో సంగీతం నేర్పేవాళ్లు తెలుసా?

అందరికీ నమస్తే. మేం మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దగ్గర ఉంటాం. మా పాపకు ఆరేండ్లు. పాట వినబడితే చాలు, చేస్తున్న పని వదిలేసి చేత్తో తాళం వేస్తది. కర్ణాటక గాత్రం నేర్పే మంచి టీచర్ ఎవరైనా ఉన్నారా? మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలతోనే, అంటే తొలి స్వర పాఠాలతోనే మొదలవుతుందని తెలుసు. కానీ ఈ వయసు పిల్లలు గంటసేపు కదలకుండా కూర్చోలేరు కదా! అరగంట చాలు, ఆదితాళం 8 అక్షరాలు (తాళం లెక్కలు) ఆటలాగా వేయించే ఓపిక ఉన్నవాళ్లు కావాలి. గట్టిగా అరిస్తే మా పిల్ల అసలు నోరు విప్పదు. ఆన్‌లైన్ వద్దు, శ్రుతి తప్పితే పక్కన కూర్చుని సరిదిద్దాలి.

ఇంకోటి, మన వైపు 12 మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం పిల్లలకు నేర్పేవాళ్లుంటే అదీ చెప్పండి, చాలా ఇష్టం మాకు. మీ పిల్లలు ఎక్కడికైనా వెళ్తుంటే ఫీజెంత, బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారో దయచేసి రాయండి.