చచ్చినవాళ్లు చేరే హేడిస్ లోకం గ్రీకుల సొంతమా, తూర్పు నుంచి వచ్చిందా?

తామ్రపత్రం: హోమర్ గ్రీకు కావ్యం ఒడిస్సీ 11వ సర్గ చూడండి. చచ్చినవాళ్లని పిలవడానికి కథానాయకుడు ఒడిస్యూస్ కత్తితో మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గొయ్యి తవ్వుతాడు. ముందు తేనె కలిపిన పాలు, తర్వాత ద్రాక్షమద్యం, మూడోసారి నీళ్లు పోస్తాడు. పైన బార్లీ పిండి చల్లి, గొర్రెల్ని కోసి నెత్తురు గోతిలోకి వదులుతాడు. గొయ్యి తీసి పాతాళ దేవతల్ని పిలిచే తంతు హిత్తీల రాజధాని హత్తూసా మట్టిపలకల్లో ఉంది. ఆ గోతికి వాళ్ల పొరుగు భాష హుర్రియన్‌లో మాట 'అబి'. ఇది అనతోలియా (ఇప్పటి టర్కీ) నుంచి వచ్చిందే.

ఏటిగట్టు: హత్తూసా పడిపోయింది క్రీ.పూ. 1200 ప్రాంతంలో. ఒడిస్సీ రూపు కట్టింది ఎనిమిది, ఏడు శతాబ్దాల్లో. మధ్యలో ఎవరు మోసుకొచ్చారు?

గోధూళి: మాట చాలదా? మెసొపొటేమియా పాత భాష అక్కడియన్‌లో 'ఎరేబు' అంటే లోపలికి పోవడం, పొద్దు గుంకడం. గ్రీకు 'ఎరెబోస్' పాతాళపు చీకటి.

ఏటిగట్టు: చాలదు. ఎరెబోస్ సంస్కృత రజస్సుకు, పాత జర్మానిక్ భాష గోతిక్‌లోని 'రిక్విస్'కు తోబుట్టువు. అక్కడ ధ్వనులు నియమం ప్రకారం కలుస్తాయి.

నచికేత: మరి యముడి శబల (మచ్చల) కుక్కలు, హేడిస్ కాపలా కుక్క కెర్బెరోస్? ఆ పేర్లు కలవవా?

ఏటిగట్టు: ఋగ్వేదం 10.14లో కుక్కలు రెండు, నాలుగేసి కళ్లు. గ్రీకు కవి హెసియడ్ చెప్పే కుక్క ఒకటే, 50 తలలు. 'శబల'లోని శకారం 'కెర్బెరోస్' కకారంతో కలిసినా మిగతా అక్షరాలు కుదరవు.

తామ్రపత్రం: నేను గొయ్యి గురించి రాస్తే మీరంతా కుక్క వెంట పడ్డారు. ప్రతిసారీ ఇదే వరస! దారి అడిగారుగా: రాజధాని పోయినా ఉత్తర సిరియాలో హిత్తీ సంతతి రాజ్యాలు ఎనిమిదో శతాబ్దం దాకా నిలిచాయి. అక్కడే ఒరాంటెస్ నది సముద్రంలో కలిసేచోట అల్ మీనా రేవులో అదే శతాబ్దపు గ్రీకు కుండలు దొరికాయి.

ఏటిగట్టు: కుండలు దొరికాయి, పూజారి దొరకలేదు. సరే, తంతు అరువొచ్చిందనే అనుకుందాం. నమ్మకం కూడా దాంతోపాటే వచ్చిందనడమే నేను ఒప్పుకోను. హిత్తీ గోతికి పిలిచేది దేవతల్ని. ఒడిస్సీలో వచ్చేది చచ్చిపోయినవాళ్లు. నెత్తురు తాగేదాకా కన్నతల్లి కూడా కొడుకుని గుర్తుపట్టదు!

తామ్రపత్రం: నెత్తురు కిందికెందుకు పోయాలో తెలియనివాడు పోయడు. తంతునీ నమ్మకాన్నీ విడదీస్తే రెండూ అర్థం కావు. మెసొపొటేమియా కావ్యం గిల్గమేష్ 12వ పలకలోనూ అతని చనిపోయిన నేస్తం ఎన్కిడు ఆత్మ నేలలోని కంత గుండానే పైకొస్తుంది.

గోధూళి: 1969లో దక్షిణ ఇటలీ గ్రీకు ఊరు హిప్పోనియన్ సమాధిలో దొరికిన, రాతలున్న బంగారు రేకు మాటేమిటి? ఆత్మ దాహంతో నీళ్లడుగుతుంది. ఈజిప్టు మృతుల గ్రంథంలోనూ నీళ్లు తాగడానికి మంత్రాలున్నాయి.

ఏటిగట్టు: రేకులో నీళ్లు రెండు. తెల్ల సైప్రస్ చెట్టు పక్కనున్న ఊట దరికి పోకూడదు. ముందుకెళ్లి స్మృతి సరస్సు నీళ్లు కాపలావాళ్లని అడగాలి. ఈజిప్టు మంత్రాల్లో ఆ పోకూడని ఊట ఎక్కడుందో చూపించండి.