విండోస్ 10 ఆగిపోయింది, నెట్ సెంటర్‌లో పాత సిస్టమ్స్‌కి ఏ లినక్స్ వేయాలి?

దిల్‌సుఖ్‌నగర్_జిరాక్స్:
అందరికీ నమస్తే. దిల్‌సుఖ్‌నగర్‌లో మాది జిరాక్స్, నెట్ సెంటర్. నాలుగు సిస్టమ్స్ ఉన్నాయి, అన్నీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవే. ఇంటెల్ నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. 11 వేద్దామంటే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలట. కొత్తవి కొనే పరిస్థితి లేదు. మా పనంతా హాల్‌టికెట్లు, ఆధార్ పీడీఎఫ్‌లు, వాట్సాప్ వెబ్‌లో పంపినవి ప్రింట్ తీయడం, కౌన్సెలింగ్ సీజన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడం. ఒక సిస్టమ్ మీద మాత్రం మా ఆవిడ పెళ్లి కార్డులు, కరపత్రాలు చేస్తుంది, పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లతో. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ రకాల్లో ఏది వేయమంటారు? ఒక్క పేరు చెప్పండి చాలు.

ఉప్పల్_చందు:
మింట్. ఇంకేం ఆలోచించకు అన్నా.

మలక్‌పేట_డెబియన్:
ఒక్క పేరే అడిగారు కాబట్టి చెప్తున్నా: డెబియన్ 13, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో. 2025 ఆగస్టులో వచ్చింది. మూడేళ్లు పూర్తి సపోర్ట్, ఆపైన రెండేళ్లు ఎల్‌టీఎస్ (సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం). అంటే 2030 దాకా అదే వెర్షన్ మీద నడుపుకోవచ్చు. 4 జీబీ ర్యామ్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ బరువు కాదు. డెబియన్‌లో వైఫై రాదని ఇంకా కొందరు అంటుంటారు. వైఫై చిప్ నడవడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ లేక వచ్చిన ఇబ్బంది అది, ఆ ఫైళ్లని 2023లో వచ్చిన 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు.

అన్నిటికన్నా ముఖ్యం, దీని వెనక కంపెనీ లేదు. సర్వర్లకి వాడే సెంటాస్ 8 లినక్స్ సంగతి గుర్తుందా? 2029 వరకు ఉంటుందన్నారు, 2021 డిసెంబర్‌కే ఆపేశారు. నమ్ముకుని సర్వర్లు పెట్టుకున్నవాళ్లు రోడ్డున పడ్డారు. ఎక్కడో ఒక కంపెనీ మనసు మార్చుకుంటే దిల్‌సుఖ్‌నగర్‌లో షాపు ఎందుకు ఇబ్బంది పడాలి?

పార్క్‌లేన్_సర్వీస్:
నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సిస్టమ్స్ సర్వీస్ చేస్తాను, రోజూ చూసేదే చెప్తున్నా. మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. విండోస్ నుంచి వచ్చిన మనిషి కింద మెనూ చూసి దారి వెతుక్కోగలడు. అప్‌డేట్ వేశాక ఏదైనా తేడా వస్తే టైమ్‌షిఫ్ట్ అనే టూల్‌తో పాత స్థితికి తెచ్చుకోవచ్చు. సెంటాస్ సర్వర్ల గొడవ జిరాక్స్ షాపుకి ఎందుకండీ?

అమీర్‌పేట_ఆర్చ్:
ఆర్చ్ లినక్స్ వేస్తే వెర్షన్ల గోలే ఉండదు కదా, అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వస్తూనే ఉంటాయి.

పార్క్‌లేన్_సర్వీస్:
తమ్ముడూ, కౌన్సెలింగ్ రోజు పొద్దున్నే అప్‌డేట్ కొట్టాక గ్రాఫిక్స్ రాకపోతే బయట లైన్లో నిలబడ్డ పిల్లలకి నువ్వు జవాబు చెప్తావా?

మలక్‌పేట_డెబియన్:
ఆర్చ్ విషయంలో మీ మాటే నా మాట. కానీ మింట్ నిలబడింది ఒక కంపెనీ నడిపే ఉబుంటు లినక్స్ మీద. ఆ ఉబుంటు తెచ్చిన స్నాప్ అనే యాప్‌లు వేసే పద్ధతిని మింట్ వాళ్లే 2020లో, 20వ వెర్షన్‌లో, అడ్డుకున్నారు. పునాది మీద వాళ్లకే నమ్మకం లేనప్పుడు మనకెలా ఉంటుంది? డెబియన్ మీద కట్టిన ఎల్‌ఎండీఈ అనే ఇంకో మింట్‌ని కూడా వాళ్లే పక్కన సిద్ధంగా పెట్టుకున్నారు చూడండి.

పార్క్‌లేన్_సర్వీస్:
నా కస్టమర్లలో స్నాప్ గురించి అడిగినవాళ్లు ఎవరూ లేరు. ప్రింట్ వస్తుందా రాదా, అదొక్కటే అడుగుతారు.

మలక్‌పేట_డెబియన్:
అడగరు కాబట్టే మనం ఆలోచించాలి.

చిక్కడపల్లి_డీటీపీ:
ఆ పెళ్లి కార్డుల సిస్టమ్ గురించి ఒక్కరైనా మాట్లాడారా? పేజ్‌మేకర్ లినక్స్‌కి లేదు. అనూలో టైప్ చేసింది యూనికోడ్ (అన్ని సిస్టమ్స్‌లో ఒకేలా చదవగలిగే పద్ధతి) కాదు. ఆ ఫైల్ ఇంకోచోట తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. దయచేసి దాన్ని ముట్టుకోకండి.

మలక్‌పేట_డెబియన్:
మేడమ్, ఎన్నాళ్లని అనూలోనే ఉంటారు? లినక్స్‌లో టైపింగ్ చూసే ఐబస్‌లో ఎం17ఎన్ అనే కీబోర్డ్‌ల ప్యాకేజీ వేసుకుంటే తెలుగు యాపిల్ కీబోర్డ్ లేఅవుట్ వస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ కూడా ఉంది. పోతన, వేమన ఫాంట్లు డెబియన్ ప్యాకేజీల్లోనే దొరుకుతాయి. మండలి, రామభద్ర లాంటివి కూడా ఉచితమే. పేజీ కట్టుకోవడానికి స్క్రైబస్ ఉంది.

చిక్కడపల్లి_డీటీపీ:
యాపిల్ ఉందని నాకూ తెలుసు, వేసి చూశాను. కొన్ని ఒత్తుల దగ్గర వేలు వెళ్లే చోటు వేరు. నాకు చేతులు చూసుకోకుండా టైప్ చేసే అలవాటు. ముహూర్తం కార్డు సాయంత్రానికి ఇవ్వాలని మధ్యాహ్నం వచ్చి కూర్చుంటారు. ఆ టెన్షన్‌లో కీబోర్డ్ కొత్తగా నేర్చుకోమంటారా? మరి పాత ఫైళ్ల మాటేంటి? పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డులో పేర్లు మార్చి చిన్నమ్మాయికి వేయమని వస్తారు.

మలక్‌పేట_డెబియన్:
యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి.

చిక్కడపల్లి_డీటీపీ:
మార్చాక అక్షరం అక్షరం ప్రూఫ్ ఎవరు చూస్తారు? పెళ్లికొడుకు ఇంటిపేరులో తప్పు పోతే మళ్లీ ప్రింట్ ఖర్చు నా మీదే.

సైదాబాద్_శ్రీ:
నాదొక మాట. ఒకసారి నెట్ సెంటర్‌లో ఆధార్ ప్రింట్ తీయించుకున్నా. తర్వాత ఇంకో పని మీద వెళ్తే నా పీడీఎఫ్ ఇంకా డౌన్‌లోడ్స్‌లోనే ఉంది, నా వెనక ఇంకెవరివో కూడా. ఏ లినక్స్ అయినా వేసుకోండి, ముందు దీనికేదైనా చేయండి.

మలక్‌పేట_డెబియన్:
డీటీపీ మేడమ్, ఇలా ప్రతిదానికీ ఖర్చు, అలవాటు అనుకుంటే తెలుగు ఎప్పటికీ ఒక ఫాంట్ కంపెనీ చేతిలోనే ఉండిపోతుంది. స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు ఇదే హైదరాబాద్‌లో కూర్చుని లినక్స్‌ని తెలుగులోకి తెచ్చారు. ఆ కష్టానికి విలువ లేదా?

పార్క్‌లేన్_సర్వీస్:
సార్, ఇంతసేపు ఆగాను, ఇక చెప్పేస్తాను. మా బావమరిది ట్యూషన్ సెంటర్‌కి మీలాగే మాట్లాడే వాలంటీర్లు వచ్చారు. ఎవరన్నది అనవసరం. ఫ్రీగా డెబియన్ వేశారు, ఫొటోలు దిగారు. వాళ్లంతా ఫైనల్ ఇయర్ పిల్లలు, ఉద్యోగాలొచ్చి బెంగళూరు, పుణె వెళ్లిపోయారు. సరిగ్గా పరీక్షల వారం ప్రింటర్ ఆగింది. రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా లేదు. రాత్రి పదకొండింటికి నేను లైవ్ యూఎస్‌బీతో, అంటే పెన్‌డ్రైవ్ మీదే నడిచే లినక్స్‌తో, బూట్ చేసి క్వశ్చన్ పేపర్లు ఒక్కొక్కటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఆ రాత్రి ఫోన్ ఎత్తినవాడు ఒక్కడు లేడు. ఫ్రీగా వేయడం గొప్ప కాదు, తర్వాత ఫోన్ ఎత్తాలి.

మలక్‌పేట_డెబియన్:
నేనెవరినీ అలా వదిలేసి వెళ్లలేదు. ఎవరో చేసినదానికి నన్నెందుకు అంటారు? మీ సర్వీస్ షాపుల సంగతి కూడా చెప్పమంటారా? మా వీధిలో ఒక పెద్దాయన సిస్టమ్‌కి సర్వీస్ చేసినవాడు అడ్మిన్ పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకున్నాడు. కొత్త ప్రింటర్ పెట్టాలన్నా విజిటింగ్ చార్జీ కట్టి అతన్నే పిలవాలి. ఇల్లు ఆయనది, తాళంచెవి మీది!

పార్క్‌లేన్_సర్వీస్:
అవును, నేనూ పాస్‌వర్డ్ ఇవ్వను. ఎందుకో వినండి. ఇస్తే షాపులో కుర్రాడు యూట్యూబ్‌లో చూసి ఏదో కమాండ్ సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, కొడతాడు. బూట్ కాదు. నువ్వు వేసిందే పాడైంది, ఫ్రీగా చేసిపెట్టు అంటారు. ఆ రోజు నా కూలి ఎవరిస్తారు? మీకు వేరే జీతం ఉంది, ఆదివారం సేవ చేస్తారు. నాకు ఇదే తిండి.

మలక్‌పేట_డెబియన్:
ఇంతసేపూ డెబియనా మింటా అని కొట్టుకున్నాం గానీ మన గొడవ అది కాదన్నమాట. సిస్టమ్ యజమాని తన సిస్టమ్ తానే చూసుకునేలా నేర్పాలని నేనంటున్నా. ఆయన నేర్చుకోనక్కర్లేదు, మీరుంటారు కదా అని మీరంటున్నారు.

పార్క్‌లేన్_సర్వీస్:
నేర్చుకునే టైమ్ ఆయనకెక్కడుంది? పొద్దున తొమ్మిదికి షట్టర్ తీస్తే రాత్రి పది.

మలక్‌పేట_డెబియన్:
అన్నీ నేర్చుకోనక్కర్లేదు. ఆయన యూజర్‌ని ప్రింటర్లు చూసుకునే ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులో చేరిస్తే ప్రింటర్ తనే పెట్టుకుంటాడు, సుడో అవసరమే లేదు. కుర్రాడికి విడిగా మామూలు అకౌంట్ ఇవ్వాలి. సుడో ఉన్న అకౌంట్ పాస్‌వర్డ్ మాత్రం యజమాని దగ్గర, కాగితం మీద రాసి ఉండాలి. దీని మీద నేను తగ్గను.

పార్క్‌లేన్_సర్వీస్:
పాస్‌వర్డ్ ఆయన దగ్గర ఉంటే వచ్చిన ప్రతిసారీ చార్జీ తీసుకుంటాను. ఫోన్లో చెప్పేదానికి తీసుకోను. దీని మీద నేనూ తగ్గను. శ్రీ గారు అడిగినదానికి ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు. మింట్‌లో లాగిన్ విండో సెట్టింగ్స్‌లో గెస్ట్ సెషన్ ఆన్ చేసుకోవచ్చు. కస్టమర్ అందులో కూర్చుంటాడు, లాగవుట్ అవగానే డౌన్‌లోడ్స్‌తో సహా అంతా చెరిగిపోతుంది. డెబియన్‌లో అది మనమే కట్టుకోవాలి.

దిల్‌సుఖ్‌నగర్_జిరాక్స్:
అందరిదీ చదివాను. మా ఆవిడ సిస్టమ్ విండోస్‌తోనే ఉంటుంది, నెట్ కేబుల్ పీకేస్తాను, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకుంటాం. మిగతా వాటిలో మింట్, ఆ గెస్ట్ సెషన్ కోసమే. మొన్న ఒకామె పాన్ కార్డు ఇంకొకళ్లకి కనబడి షాపులో పెద్ద గొడవైంది. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది. పార్క్‌లేన్ అన్నా, చార్జీ ఎంతో ముందే చెప్పు, బేరమాడను.

ఉప్పల్_చందు:
మొదట్లోనే చెప్పాను కదా మింట్ అని.

మలక్‌పేట_డెబియన్:
గెస్ట్ సెషన్ కోసం మింటే కావాలంటే కానివ్వండి. కానీ ఫార్మాట్ చేసేముందు లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి మీ ప్రింటర్, స్కానర్ రెండూ పెట్టి చూడండి. రెండు వైపులా ప్రింట్ వస్తుందా, ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడిగి తెరుచుకుంటుందా చూసుకోండి. కొన్ని పాత లేజర్ ప్రింటర్లకి లినక్స్‌లో డ్రైవర్ సరిగా లేదు, అది ముందే తేలాలి. మోడల్ నంబర్ ఇక్కడ పెట్టండి.

దిల్‌సుఖ్‌నగర్_జిరాక్స్:
షాపు తెరవగానే చూసి పెడతాను.