గాజువాక నుంచి వచ్చిన మూడో తరగతి బాబుకు స్కూల్లో టెస్టు – సంతకం పెట్టాలా?

ప్రశ్న: అమెరికా వచ్చి నాలుగు నెలలైందండీ. బాబు చదవడంలో వెనకబడ్డాడట, స్కూల్ సైకాలజిస్టుతో పరీక్ష చేయిస్తామని కాగితం పంపారు. ఏం చేయమంటారు?

జవాబు 1: ముందు అడ్మిషన్‌లో నింపిన ఇంటి భాష ఫారం తీసి చూడండి. మనవాళ్లు దెబ్బతినేది అక్కడే. వైజాగ్‌లో ఇంగ్లిష్ మీడియమే కదా అని ‘ఇంగ్లిష్’ రాసేస్తారు. ఇక బాబుని ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలతో పోల్చేస్తారు. ఇంట్లో తెలుగైతే తెలుగనే దిద్దించి, ఇంటర్‌ప్రెటర్ కావాలని ఈమెయిల్‌లోనే అడగండి. ఫోన్లో చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

ఐడియా (IDEA) అని, వైకల్యమున్న పిల్లల చదువు గురించి అమెరికాలో ఉన్న చట్టం ప్రకారం, వీలైనంత వరకు పిల్లాడికి వచ్చిన భాషలోనే పరీక్షించాలి. ఇంగ్లిష్ సరిగా రాకపోవడమే అసలు కారణమైతే వైకల్యమని తేల్చకూడదు. 1970లో కాలిఫోర్నియాలో డయానా కేసు పుట్టిందే, ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లల్ని ఇంగ్లిష్‌లో పరీక్షించి మందబుద్ధుల తరగతుల్లో కూర్చోబెట్టినందుకు.

జవాబు 2: అలాగని సంతకం ఆపేయకండి. నిజంగా డిస్లెక్సియా (అక్షరాలు, పదాలు చదవడంలో ఉండే ఇబ్బంది) ఉంటే ఏడాది పోతుంది. ఈ రాత్రే చూసుకోండి: తెలుగులో చిన్న కథ చెప్పి, తిరిగి చెప్పమనండి. గుణింతాలు, ఒత్తులున్న పదాలు ఓ పది చదివించండి. తెలుగు అక్కడ సరిగా నేర్పి ఉంటే, అందులోనూ అవే తడబాట్లు కనిపిస్తే అనుమానించాల్సిందే. ఇంగ్లిష్‌లోనే అయితే చాలావరకు భాష సమస్యే. పాత స్కూలు ప్రోగ్రెస్ కార్డులు, తెలుగు నోట్సు పేజీలు వాట్సాప్‌లో తెప్పించి సైకాలజిస్టుకివ్వండి.

ఆటస్థలంలో గలగలా మాట్లాడుతున్నాడు కాబట్టి ఇంగ్లిష్ వచ్చేసిందని టీచర్ అనొచ్చు. మాటల ఇంగ్లిష్‌కి ఒకటి రెండేళ్లు చాలు, పాఠాల ఇంగ్లిష్‌కి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని రెండు భాషల పిల్లల చదువుపై పరిశోధించిన జిమ్ కమిన్స్ ఏనాడో చెప్పాడు.

జవాబు 3: ఒక మెలిక ఉందండీ. ఇంగ్లిష్ పరీక్షని ఇంటర్‌ప్రెటర్ అక్కడికక్కడే తెలుగులో చెబితే, వచ్చిన స్కోరుని, ఇంగ్లిష్‌లోనే పరీక్ష ఇచ్చిన పిల్లల మార్కులతో తయారైన పట్టికతో పోల్చడం కుదరదు. మాటలతో పని లేని బొమ్మల పరీక్ష కూడా పెట్టమనండి. అదీ పూర్తిగా సంస్కృతికి అతీతమేం కాదు, కొంత నయం.

సంతకం పెట్టిన కాగితం స్కూలుకి అందిన తేదీ నుంచి 60 రోజుల్లో పరీక్ష పూర్తవ్వాలి. కొన్ని రాష్ట్రాలకు సొంత గడువుంది, అడిగి తెలుసుకోండి. రిపోర్టు మీటింగ్‌కి ముందే ఇమ్మనండి. ఫలితం నచ్చకపోతే స్కూలు ఖర్చుతో బయటి నిపుణుడి చేత మళ్లీ చేయించమని అడిగే హక్కుంది. కాదంటే స్కూలే హియరింగ్‌కి (అధికారిక విచారణకి) వెళ్లి తమ పరీక్ష సరైనదేనని నిరూపించుకోవాలి. ప్రత్యేక సేవలు మొదలెట్టడానికి మీ సంతకం వేరే కావాలి, ఇప్పుడు పెట్టేది పరీక్ష వరకే.