అప్‌డేట్: తాతగారి తుపాకీ కర్ర అతుక్కుంది

పోయిన నెల అడిగాను కదా, మా తాతగారి 12 బోర్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీకి ట్రిగ్గర్ వెనక, చెయ్యి పట్టుకునే సన్నటి చోట కర్ర చీలింది, ఏం చేయాలని. లైసెన్సున్న రిపేరు షాపుకే తీసుకెళ్లాను. దెబ్బ తగిలి కాదట, ఏళ్ల తరబడి గొట్టం పైకి పెట్టి నిలబెట్టడంతో తుపాకీకి రాసిన నూనె కిందికి దిగి కర్ర నల్లబడి మెత్తబడిపోయింది. షాపాయన అసిటోన్ (జిడ్డు కరిగించే ద్రవం)తో ఆ జిడ్డంతా లాగేసి, చీలిక కొద్దిగా తెరిచి లోపలిదాకా ఎపాక్సీ బంక దించి, పైకి కారిన బంకను ఆరకముందే తుడిచి, సైకిల్ ట్యూబు బిగించి చుట్టి రోజంతా వదిలేశారు. లోపల ఇత్తడి పిన్ను కూడా వేశారు. మేకు కొట్టేయమన్న బాబాయి మాట విననందుకు చాలా సంతోషంగా ఉంది. ఇప్పుడు అవిసె నూనె పలచగా రాస్తున్నాను, అతికిన గీత వేలికి తగలట్లేదు, తాతగారి బొటనవేలికి అరిగిన చోటు మాత్రం అలాగే ఉంది.