మార్చిలో రెడ్‌ఫిష్‌ని చూసి పట్టడం: గెడా, ట్రోలింగ్ మోటారా?

ఆస్టిన్_గాలం:
మార్చి మూడో వారంలో ఇద్దరం టెక్సస్ తీరానికి, రాక్‌పోర్ట్ దగ్గర రెడ్‌ఫిష్ బేకి వెళ్తున్నాం. ఎర వేసి కూర్చోవడం కాదు, అడుగు లోతు నీళ్ళలో చేపని కంటితో చూసి దాని ముందు ఎర వేసే పద్ధతి నేర్చుకోవాలని. దొరికిన పడవకి ముందు ట్రోలింగ్ మోటారు (మెల్లగా నడిపే చిన్న కరెంటు మోటారు) ఉంది, పక్కన 18 అడుగుల గెడ కూడా కట్టి ఉంది. ఏది వాడమంటారు? ఎన్నింటికి దిగాలి?

గెడకర్ర:
మోటారు పైకెత్తి కట్టేయండి. అంత పల్చటి నీళ్ళలో దానికి పని లేదు.

తెల్లారగట్ల లేవక్కర్లేదు. మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరిగాక అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంటన్నర దాటాకే. పదకొండు నుంచి నాలుగు దాకా నీళ్ళ అడుగు కనిపిస్తుంది. ఎండ వీపు మీద పడేలా నడపండి. ఎండా గాలీ రెండూ కుదరకపోతే ఎండనే చూసుకోండి. నీళ్ళ మీది మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు రాగి రంగువి, టోపీ అంచు కింద నలుపు.

చలిగాలి వచ్చి వెళ్ళిన రెండో రోజో మూడో రోజో మంచిది. ఉత్తరపు ఒడ్డు వారన నల్లబురద ఉన్నచోట వెతకండి. ఉత్తరగాలి తగలదు, ఎండకి ముందు వేడెక్కేదీ అదే. నీళ్ళు 60 డిగ్రీలు (ఫారెన్‌హీట్) దాటితే ఎర వెంట వస్తుంది. దాటకపోతే ముక్కు ముందు పెట్టినా తినదు.

గెడకి చీలిక ఉన్న కొస బురదకి, మొన ఉన్న కొస గట్టి నేలకి. వెనక మంచె మీద నిలబడి పడవకి వెనగ్గా ఏటవాలుగా దించాలి. నిలువుగా దించితే బురదలో దిగబడుతుంది, పీకేటప్పుడు పడవే వెనక్కి వస్తుంది. పడవ అంచుకి టక్కున తగిలిందా, అంతే సంగతులు.

పులుసు_గిన్నె:
మన కచిడి చేప కూడా ఈ కుటుంబానిదేనట కదా. పులుసుకి ఎలా ఉంటుంది?

మోటార్_మావయ్య:
"ముక్కు ముందు పెట్టినా తినదు" అన్న మాట తప్పు. 55లోనూ తింటుంది, పరిగెత్తి తినదు అంతే. చూడాల్సింది అంకె కాదు, అది ఎటు పోతోందన్నది. పొద్దున 55 ఉండి మధ్యాహ్నానికి 59 అయిన రోజు, నిన్న 65 ఉండి ఇవాళ 61కి పడ్డ రోజు కంటే నయం.

ఇక గెడ. మంచె మీద ఒకరు ఉంటే ముందు ఒకరు విసరాలి. ఇద్దరూ కొత్తవాళ్ళే. మార్చిలో ఆగ్నేయం గాలి గంటకి 15 మైళ్ళు కొడితే కొత్తవాడు మంచె మీద నిలబడడానికే సరిపోతుంది, ఇంక చేపని చూసేదెప్పుడు? అడుగున్నర నీళ్ళు ఉన్నంతవరకు మోటారే వాడండి. స్పీడు రెండు మూడు మీద పెట్టి అలా వదిలేయండి. చేప బెదిరేది చప్పుడుకి కాదు, చప్పుడు ఆగి మళ్ళీ మొదలైనప్పుడు. ఫ్యాను పూర్తిగా మునగాలి, గాలి మింగితే గడగడమంటుంది. జీపీఎస్‌తో ఒకే చోట నిలిపే మీట మాత్రం ఇక్కడ నొక్కకండి. నిమిషానికోసారి ఉలిక్కిపడ్డట్టు తిరిగి బురద లేపుతుంది.

గెడకర్ర:
మావయ్య గారూ, 60 అన్నది నేను గాల్లోంచి తీసింది కాదు. మీ అంకెలు ఎక్కడ కొలిచారు? పడవ వెనక తగిలించిన సెన్సరా? అది మీరు కాలవలో ఉన్నప్పుడు కాలవ నీళ్ళనే కొలుస్తుంది.

మోటార్_మావయ్య:
అందుకే కాలవలో చూడను. ఒడ్డు వారన పడవ ఆపి రెండు నిమిషాలాగి చూస్తాను.

గెడకర్ర:
ఆపాక మీ నీడలో ఉన్న నీళ్ళని చూస్తున్నారు. చేప ఉన్న బురద మీద చూడాలి. తాడు కట్టిన థర్మామీటరు ఒకటి పడేయండి, తేడా మీకే తెలుస్తుంది.

ఆస్టిన్_గాలం:
అన్నా, థర్మామీటరు సరే. చేప కనిపిస్తే ఎర ఎక్కడ వెయ్యాలి?

చార్లెస్టన్_పడవ:
దక్షిణ కరోలినా వైపు సంగతి చెప్తాను. డాల్ఫిన్లకి భయపడి చలికాలమంతా రెడ్‌ఫిష్ పెద్ద గుంపులుగా పర్రల మీదికి, అంటే ఒడ్డు వారన పల్చటి నీళ్ళలోకి చేరతాయి, వసంతం ముదిరేకొద్దీ విడిపోతాయి. గుంపు మధ్యలోకి విసరొద్దు. ఒకటి బెదిరితే అన్నీ పోతాయి. అంచున ఉన్నదాన్ని చూసుకోండి.

కదులుతున్న చేపకి మూడు నాలుగు అడుగులు ముందు, అడుగు అవతల పడాలి. మెల్లగా దాని దారికి అడ్డంగా లాగండి. దాని మీదికే లాగకండి. రొయ్య చేప మీదికి దూకదు కదా, అలా వస్తే ఇదే పారిపోతుంది. కదలకుండా పడుకున్న చేపైతే రెండడుగులు అవతల వేసి నేల మీద జారుస్తూ తెచ్చి, కంటి ముందు ఆపండి. చల్లటి నీళ్ళలో ఆ ఆపడమే ముఖ్యం.

మోటార్_మావయ్య:
ఇది కరెక్టు. ఏడడుగుల రాడ్డు, 10 పౌన్ల అల్లిక లైను, చివర రెండడుగులు 20 పౌన్ల ఫ్లోరోకార్బన్ లైను. మూడంగుళాల మెత్తటి ప్లాస్టిక్ ఎర, ఔన్సులో ఎనిమిదో వంతు బరువు. గడ్డి ఎక్కువుంటే ముల్లు ఎరలోకి దాచి పదహారో వంతుకి దిగండి. పావు ఔన్సు దాటితే ఎర పడిన చప్పుడుకే పోతుంది.

చేప ఆకారం కోసం వెతక్కండి. రాగి రంగు మరక, తోక అంచున నీలం, నేల మీద నీడ, వీటిలో ఏదో ఒకటి ముందు కనపడుతుంది. సన్నటి గీతలా నీళ్ళు చీల్చుకుంటూ గబగబా పోయేవి బొంత చేపలు. నీళ్ళు బరువుగా ఉబ్బి కదిలితే అది మనది. చూసినవాడు "అదిగో" అంటే లాభం లేదు. పడవ ముక్కు పన్నెండు అనుకుని, "పదకొండు గంటల వైపు, నలభై అడుగులు" అనాలి.

పులుసు_గిన్నె:
మార్చిలో గుడ్లతో ఉంటాయి కదా, పట్టడం పాపం కాదా?

గెడకర్ర:
వసంతంలో గుడ్లు పెట్టేది స్పెకిల్డ్ ట్రౌట్ అనే వేరే చేప. రెడ్‌ఫిష్ వేసవి చివర, శరదృతువులో సముద్రం కలిసే పాయల దగ్గర పెడుతుంది. ఇప్పుడు పర్ర మీద ఉండేవి ఎక్కువగా కుర్రవే. టెక్సస్‌లో రోజుకి మూడు, 20 నుంచి 28 అంగుళాల మధ్యవి. తోక రెండు కొసలూ నొక్కి కొలవాలి. ఆ కొలతలో చిన్నదాన్ని పులుసుకి తీసుకోండి, పెద్దదాన్ని నీళ్ళలోనే ముల్లు తీసి వదలండి.

మోకాలిలోతు:
ఇంతసేపు గెడా మోటారా అని కొట్టుకుంటున్నారు. ఒడ్డు వెంట ఫుల్ స్పీడులో పడవ తోలి, ఎక్కడ నీళ్ళు ఉబ్బుతాయో చూసి, అప్పుడు దిగేవాళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడరేం? నడిచేవాడు పాదాలు ఈడ్చుకుంటూ, తోకలో విషపు ముల్లున్న టేకు చేపల్ని తప్పించుకుంటూ గంటకి రెండు వందల గజాలు పోతాడు. అతని ముందు నుంచి ఒక్క పడవ పోతే ఆ పూట గోవిందా. పోయిన మార్చిలో వరసగా మూడు వారాలు నాకు ఇదే.

మోటార్_మావయ్య:
ఇరవై మైళ్ళ ఒడ్డులో చేప ఎక్కడుందో కలలో తెలుస్తుందా? వెతకడానికి పడవ తోలాలి. చట్టంలో తప్పు లేదు.

మోకాలిలోతు:
చట్టం సంగతి మీరే ఎత్తారు కాబట్టి: రెడ్‌ఫిష్ బేలో 2006 నుంచి, 2013 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్ తీరమంతా ఫ్యానుతో సముద్రపు గడ్డిని వేళ్ళతో పెకలించడం నేరం. 500 డాలర్ల దాకా జరిమానా. ఎనిమిదంగుళాల నీళ్ళలో పడవని ఒక్కసారిగా వేగమిచ్చి నీళ్ళ మీదికి లేపేటప్పుడు వెనక్కి చూడండి, బురద గీత కనపడుతుంది. ఆ గడ్డి మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది.

గెడకర్ర:
నేను ముందునుంచీ చెప్పేది అదే. గెడ వేసేవాడితో ఈ గొడవే లేదు.

మోకాలిలోతు:
ఉంది సార్. మీవాళ్ళు చప్పుడు లేకుండా వస్తారు, అంతే తేడా. నేను నడిచే దారిలోకే, వంద గజాల ముందు అడ్డంగా వచ్చి చెయ్యి ఊపుతారు. నాకు మోటారుతో పేచీ లేదు, గెడతోనూ లేదు. ముందు వచ్చి నడుస్తున్నవాడి నీళ్ళు ఎంత దూరం వరకు వాడివి? అది చెప్పండి.

మోటార్_మావయ్య:
నీళ్ళు ఎవరి సొత్తూ కాదు.

గెడకర్ర:
ఇందులో మావయ్య గారితో ఏకీభవిస్తాను. నడిచేవాడు ఒక్కడున్నాడని మైలు ఒడ్డు వదిలేయలేం.

మోకాలిలోతు:
మైలు ఎవడడిగాడు? నేను ఎటు నడుస్తున్నానో చూసి, నా వెనక నుంచి చుట్టు తిరిగి పొమ్మంటున్నా. దానికి మీ ఇద్దరికీ పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఇవ్వలేక గంట నుంచి థర్మామీటర్ల గురించి మాట్లాడుతున్నారు.

చార్లెస్టన్_పడవ:
+1

ఆస్టిన్_గాలం:
సరే అన్నలూ. లోతున మోటారు, అడుగున్నర లోపు గెడ, నడిచేవాళ్ళు కనపడితే వెనక నుంచి చుట్టు. నీళ్ళు చల్లగా ఉంటే?

గెడకర్ర:
60 దాటేదాకా ఆగండి.

మోటార్_మావయ్య:
ఆగక్కర్లేదు.