చర్చ: కోర్టు ఆవరణలో రెండు గంటలా, తండ్రి ఇంట్లో ఒక రాత్రా?

ఒంగోలు తండ్రి

మా అబ్బాయికి ఏడేళ్లు. మూడేళ్లుగా కావలిలో అమ్మమ్మగారింట్లో తల్లి దగ్గర పెరుగుతున్నాడు. మధ్యంతర ఉత్తర్వు ప్రకారం మొదటి, మూడో శనివారాల్లో కోర్టు ఆవరణలో రెండేసి గంటలు చూడనిస్తారు. వాడు బెంచీ అంచున కూర్చుని, నేను తీసుకెళ్లిన నేతి మైసూర్‌పాక్ సగం తిని, మిగతా సగం అమ్మకని జేబులో పెట్టుకుంటాడు. లేచేసరికి చొక్కాకు నెయ్యి మరక అంటి ఉంటుంది. చుట్టూ వాయిదాలకు వచ్చిన జనం, బంట్రోతు కేకలు, వాటి మధ్య ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. జైల్లో ములాఖత్తు ఇంతకంటే నయమేమో.

నెలకొక శనివారం రాత్రి మా ఇంట్లో ఉంచుకునేలా ఉత్తర్వు మార్చమని పిటిషన్ వేయాలనుకుంటున్నాను. మనోవర్తి బాకీ తీర్చేదాకా ఆ ఊసే ఎత్తవద్దని అవతలివారు అంటున్నారు. డబ్బుకూ బిడ్డను చూడటానికీ ముడిపెట్టడం న్యాయమేనా?

కావలి నుంచి ఒక తల్లి

అన్నగారూ, నాదీ ఇలాంటి కేసే కాబట్టి అవతలి వైపు నుంచి రాస్తున్నాను. జూన్‌లో బడి ఫీజు, పుస్తకాలు, ఆటో కిరాయి ఒక్కసారే మీద పడినప్పుడు నా గాజులు తాకట్టుకు వెళ్లాయి. మనోవర్తి ఎగ్గొట్టిన మనిషి ఆ మర్నాడే వచ్చి బిడ్డను పంపమంటే తల్లికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

రాత్రి మాటకొస్తే, మా పిల్లవాడి తండ్రి రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తారు. రాత్రంతా ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగకుండా చూసుకోవాలి. ఒకసారి బాబును తీసుకెళితే, వాడు చెరువు గట్టు మీద షెడ్డులో పడుకుని ఒళ్లంతా దోమకాట్లతో తిరిగొచ్చాడు. మీరేం పని చేస్తారో, రాత్రి బిడ్డ పక్కన ఎవరుంటారో రాయనేలేదు.

నెల్లూరు న్యాయవాది

మనోవర్తికీ బిడ్డను చూడటానికీ ముడిపెట్టే నిబంధన చట్టంలో లేదు. బాకీ రాబట్టే దారి వేరే ఉంది: 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125) కింద వారెంటు పుట్టించవచ్చు, కట్టని ఒక్కొక్క నెలకూ నెల వరకు జైలు కూడా పడవచ్చు. బిడ్డ విషయంలో కోర్టు చూసేది బిడ్డ క్షేమం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 17వ సెక్షన్, 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టంలోని 13వ సెక్షన్ చెప్పేది అదే. అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 చట్టం అంటుంది గానీ, ఆరో ఏడు రాగానే తండ్రికి అప్పగించాలని దానర్థం కాదు. ఈ మాట ఎంతమంది తండ్రులకు చెప్పి నోరు నొప్పిపుట్టిందో!

2020లో యశిత సాహు కేసులో సుప్రీంకోర్టు, తల్లిదండ్రులిద్దరి ప్రేమనూ పొందే హక్కు బిడ్డదని చెబుతూ, కలవడంతోపాటు ఫోను, వీడియో కాల్ ద్వారా మాట్లాడుకునే ఏర్పాటును కూడా ప్రస్తావించింది. కాబట్టి మీ కోరిక అన్యాయమైనదేమీ కాదు. సంరక్షణ ఉత్తర్వులు రాతి శాసనాలు కావు, పరిస్థితి మారితే మార్చమని అడగవచ్చు. ఇక 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి సంరక్షణను సిఫార్సు చేసిందనే వాదన మీద మాత్రం పిటిషన్ నిలబెట్టవద్దు, సిఫార్సు చట్టం కాదు.

చట్టం ముడిపెట్టకపోయినా, బాకీతో వెళితే మీ మాటకు బలం ఉండదు. పైగా ఆ డబ్బు కూడా బిడ్డ క్షేమంలో భాగమే కదా. బాకీ ఎన్ని నెలలదో మీరు దాటవేశారు.

ఒంగోలు తండ్రి

అయిదు నెలలది. రాయడానికి సిగ్గేసి రాయలేదు. నాది చీమకుర్తి గ్రానైట్ క్వారీలో షిఫ్టు పని; రాత్రి షిఫ్టు లేని వారమే అడుగుతాను, ఇంట్లో మా అమ్మ ఉంటుంది. రెండు నెలల బాకీ వాయిదాకు ముందే జమచేసి రసీదు పిటిషనుకు జతచేస్తాను. మొదటి మూడు నెలలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, వాడికి అలవాటయ్యాక రాత్రి కూడా ఉంచమని కోరతాను. తీసుకురావడం, దిగబెట్టడం నా బాధ్యతే.

కావలి నుంచి ఒక తల్లి

అలాగైతే నాకు అభ్యంతరం చెప్పాలని లేదు. బస్సులో వాడికి కడుపులో తిప్పుతుందా, రాత్రి లైటు ఆర్పితే భయపడతాడా అన్నవి మీకు తెలియకపోవచ్చు. పిటిషన్ వేసేముందు వాళ్లమ్మనే అడగండి.