మొక్కజొన్న ఇథనాల్‌కు ప్రభుత్వ ఆసరా కొనసాగాలా?

ప్రశ్న (విజయవాడ పాఠకుడు):
పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్రం 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపింది. మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరుకు 71.86 రూపాయల ధర కట్టింది. ఈ ఆసరా రైతుదాకా వస్తోందా, డిస్టిలరీ దగ్గరే ఆగుతోందా?

తెనాలి వైపు కౌలు రైతు:
సార్వా వరి కోశాక, దుక్కి లేకుండా ఆ పదునులోనే మొక్కజొన్న గింజ వేస్తామండీ. మినుమును పల్లాకు తెగులు దెబ్బతీశాక చాలామంది ఇటు మళ్లారు. కోళ్ల దాణావారు తప్ప కొనేవారు లేని రోజుల్లో వారు చెప్పిందే ధర. ఇథనాల్‌వారు రెండో బేరగాడుగా వచ్చారంటే నాకు సంతోషమే.

గుంటూరులో కోళ్ల ఫారం నడిపేవారు:
రైతుగారి సంతోషాన్ని కాదనను, కానీ లెక్క చూడండి. టన్ను గింజ నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది కనుక, డిస్టిలరీకి క్వింటాలుకు వచ్చేది దాదాపు 2,730 రూపాయలు. 2025-26 మద్దతు ధర 2,400 పోగా మిగిలిన దానితో, ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి అమ్మగా వచ్చిన డబ్బుతో, బొగ్గు, కరెంటు, కూలి, వడ్డీ అన్నీ గడవాలి. అందువల్ల మద్దతు ధర పెరిగిన ప్రతిసారీ ఇథనాల్ ధరనూ పెంచాలి, లేదా డిస్టిలరీ రైతు దగ్గర బేరమాడాలి. మా దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. మొక్కజొన్న ఎగుమతి చేసిన మన దేశం 2024లో దిగుమతికి దిగింది.

విజయవాడ పాఠకుడు:
అమెరికాలో గ్యాలనుకు 45 సెంట్ల పన్ను రాయితీ 2011 చివర ఆగిపోయినా, అక్కడి మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా ఇథనాల్‌కే పోతోంది, ఎందుకంటే తప్పనిసరిగా కలపాలన్న చట్టం నిలిచే ఉంది. అసలు ఆసరా ధరలో కాదు, ఆ నిబంధనలో ఉందని నా అభిప్రాయం. చెరకు తగ్గుతుందనిపించిన 2023 డిసెంబరులో కేంద్రం చెరకు రసంతో ఇథనాల్ తీయడాన్ని కట్టడి చేసింది. అలాగే మొక్కజొన్న తగ్గిన ఏడాదికి కలపాలన్న నిబంధనలో సడలింపు ముందే రాసిపెట్టాలి. గింజ బదులు వరిగడ్డి వాడవచ్చు కదా? పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022లోనే అటువంటి ప్లాంటు ప్రారంభించింది.

తెనాలి వైపు కౌలు రైతు:
పంజాబు, హర్యానాల్లో తగలబెట్టే గడ్డి అదండీ. మా ఊళ్లో వరిగడ్డి వామి వేస్తే ఏడాది పొడుగునా గేదెలకు మేత, దాన్ని ప్లాంటుకు తోలితే పాల ఖర్చు పెరుగుతుంది. మేము పొలంలో నిప్పు పెట్టేది మొక్కజొన్న చొప్పకే. దానికి ధర కట్టి, పొలం గట్టు మీదికి వచ్చి కొనేవాడుంటే చెప్పండి, గింజ కోళ్లకే పోనిస్తాను.